వడ్లగింజ నుంచి రాకెట్‌ దాకా.. ఒకే సంఖ్య!

పోటీ పరీక్షలో ఇరవై అంకెల సంఖ్య కనిపిస్తే చాలామంది ఆ ప్రశ్నను వదిలేసి ముందుకెళ్లిపోతారు. ఇంకొందరు ఎప్పుడో బట్టీపట్టిన షార్ట్‌కట్‌ గుర్తు తెచ్చుకుంటూ రెండు నిమిషాలు పోగొట్టుకుంటారు. నిజానికి అంత పెద్ద సంఖ్యను గుణించి చూపమని ఏ పరీక్షా అడగదు. దాని లోపలి అమరికను పట్టుకోగలరా లేదా అన్నదే అక్కడ చూస్తారు. అది తెలియాలంటే వంద లెక్కలు చేయాల్సిన పనిలేదు. ఒక్క సంఖ్యను శ్రద్ధగా విప్పి చూస్తే చాలు. ఆ సంఖ్య ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615. నెల్లూరు తీరంలో పండే వడ్లతోనూ, అక్కడి నుంచి ఎగిరే రాకెట్లతోనూ దీనికి చుట్టరికం ఉంది.

పుట్ల లెక్కలో చదరంగం

నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర అడిగితే రైతు పుట్టికి ఎంతో చెబుతాడు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు.. పెన్నా డెల్టాలో ఏ కళ్లం దగ్గర నిలబడినా ఇదే మాట వినిపిస్తుంది. ఈ కొలతతోనే ఓ పాత కథను లెక్కగడదాం.

చదరంగం కనిపెట్టిన పండితుణ్ని ఏం కావాలో కోరుకోమన్నాడట రాజు. ‘మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు.. ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లకూ ఇప్పించండి, చాలు’ అన్నాడు ఆయన. ఇంతేనా అని రాజు నవ్వాడు.

వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. రకాన్ని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది, మన లెక్కకు ఇది సరిపోతుంది. పది గళ్లు నిండేసరికి గింజలు 1,023. అంటే 20 గ్రాములు, గుప్పెడు కూడా కాదు. ఇరవై గళ్లకు 10,48,575 గింజలు, 21 కిలోలు. ఇప్పటికీ రాజు నవ్వుతూనే ఉంటాడు. 26వ గడిలో మొత్తం ఒక పుట్టి దాటుతుంది. 32 గళ్లు, అంటే సగం బోర్డు పూర్తయ్యేసరికి 429 కోట్ల గింజలు, దాదాపు 101 పుట్లు. ఎకరానికి మూడు పుట్ల దిగుబడి వేసుకుంటే సుమారు 34 ఎకరాల పంట. ఓ మోతుబరి రైతు ఇచ్చేయగలడు.

అసలు కథ రెండో సగంలో ఉంది. 64 గళ్లూ నిండితే సుమారు 36,900 కోట్ల టన్నులు కావాలి. మన దేశంలో ఏటా పండే ధాన్యాన్ని వడ్లుగా 20 కోట్ల టన్నులు అనుకుంటే, 1,800 ఏళ్లకు పైగా పండినదంతా ఆ పండితుడికే కొలిచివ్వాలి. మొదటి సగం ఒక రైతు పంట, రెండో సగం ఒక దేశం పద్దెనిమిది శతాబ్దాల పంట. రెట్టింపు అవుతూ పోవడమంటే ఇదే. ఇంటర్వ్యూలో ‘ఈ ప్రోగ్రాం ఎందుకు నెమ్మదిగా నడుస్తోంది’ అని అడిగినప్పుడు, ఇన్‌పుట్‌ ఒకటి పెరిగితే పని రెట్టింపవుతోందని చెప్పాల్సి వస్తే ఈ బోర్డే గుర్తుకు రావాలి.

వెయ్యేళ్ల కిందటే తెలుగు పద్యంలో..

ఈ సంఖ్య మనకు కొత్తది కాదు. 11వ శతాబ్దానికి చెందిన పావులూరి మల్లన, మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు. చదరంగం గళ్ల మొత్తాన్ని ఇరవై అంకెలూ తప్పకుండా చెప్పే పద్యం ఆయన గణితంలోదే. సుమారు 1000వ సంవత్సరం నాటికి అల్‌బెరూనీ కూడా ఇదే సంఖ్యను లెక్కగట్టి రాశాడు.

పద్యంలో అంకెలు ఎలా ఇమిడాయి? భూతసంఖ్యల పద్ధతిలో ఒక్కో అంకెకు అందరికీ తెలిసిన వస్తువు పేరు పెడతారు. ఆకాశం అంటే 0, చంద్రుడు 1, కళ్లు 2, అగ్ని 3, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, రుతువులు 6, కొండలు 7, దిక్కుల ఏనుగులు 8, శరీరంలోని రంధ్రాలు 9. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చెబుతూ పోతారు. అందుకే మల్లన పద్యం బాణంతో (5) మొదలై చంద్రుడితో (1) పూర్తవుతుంది. పర్యాయపదాలు బోలెడు కాబట్టి ఛందస్సుకు సరిపోయే మాటను ఎంచుకోవచ్చు. ఛందస్సు ఉంది కాబట్టి మధ్యలో ఒక అంకె జారిపోతే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. సమాచారాన్ని తప్పుల్లేకుండా దాచి, అందించే పద్ధతి అది. ఆధార్‌ నంబర్‌లో చివరి అంకె చేసే పని కూడా అలాంటిదే. ముందున్న 11 అంకెల్లో ఎక్కడైనా పొరపాటు దొర్లిందేమో అది పట్టిస్తుంది.

ఒక్క సంఖ్య.. ఆరు ప్రశ్నలు

బ్యాంకు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ, క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌.. ఏ పరీక్ష తీసుకున్నా నంబర్‌ సిస్టమ్‌ నుంచి వచ్చే ప్రశ్నల తరహాలు కొన్నే. వాటిని మన సంఖ్య మీద వేసి చూద్దాం.

1. అసలు ఈ సంఖ్య ఏమిటి? ఏ గడి తీసుకున్నా అందులోని గింజలు అంతకుముందు గళ్లన్నిటి మొత్తం కన్నా ఒకటి ఎక్కువ. 1+2+4 = 7, తర్వాతి గడిలో 8. కాబట్టి 64 గళ్ల మొత్తం, 65వ గడి ఉంటే అందులో ఉండాల్సిన దానికన్నా ఒకటి తక్కువ. అంటే 2⁶⁴–1. ఈ రూపం దొరికాక ఇరవై అంకెలతో మనకు పనిలేదు.

2. యూనిట్‌ డిజిట్‌ ఎంత? రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరిగి వస్తుంటాయి. 64ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ చివర 6. ఒకటి తీసేస్తే 5.

3. ఎన్ని అంకెలు? లాగ్‌ 2 విలువ 0.3010. దాన్ని 64తో గుణిస్తే 19.26. పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే 20 అంకెలు.

4. 7తో భాగిస్తే శేషం? 2³ = 8. దాన్ని 7తో భాగిస్తే శేషం 1. 64 = 3×21+1. అందువల్ల 2⁶⁴కు శేషం 2, మన సంఖ్యకు 1. ఇదే తీరులో 9కి చేస్తే 6, 11కి చేస్తే 4 వస్తాయి. 9 విషయంలో సరిచూసుకోవడం తేలిక. అంకెలన్నీ కూడితే 87, దాన్ని 9తో భాగిస్తే శేషం 6.

5. ఇది పూర్ణవర్గమా? చివరి రెండంకెలు 15. నాలుగుతో భాగిస్తే శేషం 3. ఏ పూర్ణవర్గాన్నైనా నాలుగుతో భాగిస్తే శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది. కాబట్టి కాదు. ఐదు సెకన్ల పని.

6. ఎన్ని భాజకాలు? ఇక్కడే సంఖ్య పూర్తిగా విచ్చుకుంటుంది. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న a²–b² సూత్రం చాలు. 2⁶⁴–1 = (2³²+1)(2³²–1). రెండోదాన్ని మళ్లీ అలాగే విడదీయాలి. చివరి దాకా వెళ్తే 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297 మిగులుతాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా ప్రధాన సంఖ్యే అయితే భాజకాలు 2⁶, అంటే 64. కానీ కాదు. సరైన జవాబు 128. ఎందుకో తెలియాలంటే 18వ శతాబ్దానికి వెళ్లాలి.

ఆయిలర్‌కు దొరికిన 641

3, 5, 17, 257, 65,537.. ఈ వరసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. తర్వాతిది 4,29,49,67,297. దాన్ని విడదీయడం అప్పట్లో ఎవరి తరమూ కాలేదు. 1732లో ఆయిలర్‌ దానికి 641 భాజకమని చూపాడు. 641 × 67,00,417 = 4,29,49,67,297. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే. దాంతో మన సంఖ్యకు మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు తేలాయి. ఒక్కోటి ఒక్కసారే వచ్చింది కాబట్టి భాజకాలు 2⁷ = 128.

ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోతే 641 వచ్చేది 116వ ప్రయత్నంలో. కానీ ఈ సంఖ్యకు ఏ ప్రధాన భాజకం ఉన్నా, దాన్ని 64తో భాగిస్తే 1 శేషం రావాలని ఆయిలర్‌ నిరూపించాడు. ఆ షరతుకు లోబడే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది. 116 భాగహారాలు ఐదుకు తగ్గాయి. నంబర్‌ సిస్టమ్‌ అధ్యాయం సారమంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. లెక్క చేసే వేగం కన్నా, చేయక్కర్లేని లెక్క ఏదో తెలియడం ముఖ్యం.

641 నిజంగా భాగిస్తుందా అన్నది పెద్ద గుణకారం లేకుండానే తేల్చవచ్చు. 641 = 5×2⁷ + 1. కాబట్టి 5×2⁷ను 641తో భాగిస్తే శేషం –1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸కి శేషం 1. మరోవైపు 641 = 625+16, అంటే 5⁴+2⁴. అందువల్ల 5⁴ ఉన్నచోట –2⁴ పెట్టవచ్చు. అప్పుడు –2³²కి శేషం 1. అంటే 2³²+1కి శేషం 0. పెన్ను పట్టి ఒకసారి మీరే రాసి చూడండి. రిమైండర్‌ సూత్రాలు బట్టీపట్టడానికీ, అర్థం చేసుకోవడానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఫోన్‌లోనూ ఉంది

ఈ కారణాంకాల్లో ఒకటి మీ ఫోన్‌లోనూ పనిచేస్తూ ఉండొచ్చు. ఇంటర్నెట్‌ భద్రతకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగంగా ఇచ్చే ఘాతంగా ఎక్కువగా ఎంచుకునేది 65,537నే. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటర్‌కు క్షణం పని. వచ్చిన లబ్ధాన్ని ఇచ్చి, ఆ రెండూ ఏవో చెప్పమంటే మాత్రం చాలా కష్టం. ఫెర్మా కాలం నుంచి ఆయిలర్‌ దాకా పది అంకెల సంఖ్య ఒకటి ఎవరికీ లొంగకపోవడానికి కారణం అదే. ఆర్‌ఎస్‌ఏలో వందల అంకెల సంఖ్యలు వాడతారు.

కంప్యూటర్‌ లోపల మన సంఖ్యకు మరో హోదా ఉంది. 64 బిట్లు అంటే 64 స్విచ్చులు. అన్నీ ఆన్‌ చేస్తే వచ్చే విలువే 2⁶⁴–1. రుణ సంఖ్యలు అక్కర్లేదనుకుంటే 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే. ఇంకొక్కటి కలిపితే మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది. ఇక్కడో మంచి ఇంటర్వ్యూ ప్రశ్న ఉంది. జావాలో లాంగ్‌ అనే రకానికి 64 బిట్లు ఉంటాయి. ఆ బిట్లన్నీ 1 అయితే విలువ ఎంత? చాలామంది ఈ ఇరవై అంకెల సంఖ్యే చెబుతారు. సరైన జవాబు –1. జావా లాంగ్‌ రుణ సంఖ్యలకూ చోటు ఇవ్వాలి కాబట్టి అందులో గరిష్ఠం 2⁶³–1, అంటే 92,23,37,20,36,85,47,75,807. పైథాన్‌లో అయితే పూర్ణసంఖ్యలకు ఇలాంటి హద్దు లేదు. ఈ తేడా తెలిసిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు వెంటనే గుర్తిస్తారు.

హద్దు మరిస్తే ఏమవుతుంది?

1996 జూన్‌ 4న యూరప్‌ కొత్త రాకెట్‌ ఏరియాన్‌–5 ఫ్రెంచ్‌ గయానాలోని కౌరూ నుంచి తొలిసారి ఎగిరింది. 40 సెకన్లలోపే దారితప్పి గాల్లోనే ధ్వంసమైంది. ఇంజిన్‌లోనో ఇంధనంలోనో లోపం లేదు. వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల రూపం నుంచి 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి మార్చబోయింది సాఫ్ట్‌వేర్‌. 16 బిట్లలో రుణ, ధన సంఖ్యలు రెండూ ఉంటే గరిష్ఠం 32,767. అసలు విలువ అంతకన్నా పెద్దది. అది పట్టలేదు, దిశ చూపే కంప్యూటర్‌ ఆగిపోయింది. ఆ ప్రోగ్రాం పాత ఏరియాన్‌–4 కోసం రాసినది. అందులో బాగానే పనిచేసింది. కొత్త రాకెట్‌ ఇంకా వేగంగా వెళ్తుందని తెలిసినా, ఆ ఒక్క విలువ హద్దును ఎవరూ మళ్లీ సరిచూడలేదు.

ఇలాంటి హద్దే మరొకటి ముందుంది. చాలా పాత వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో, 32 బిట్లలో లెక్కపెడతాయి. 2,14,74,83,647 సెకన్లకు ఆ చోటు నిండిపోతుంది. మన సమయం ప్రకారం అది 2038 జనవరి 19, ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. ఆలోగా పాత వ్యవస్థలను 64 బిట్లకు మార్చాలి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవారు ఉద్యోగంలో కుదురుకునే కాలం అదే. ఆ పని చేయాల్సిన వారిలో మీరూ ఉండొచ్చు.

తీరంలోనే ఉన్న అవకాశం

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరులో తొలి రోహిణి సౌండింగ్‌ రాకెట్‌ ఎగిరింది. 2023 జులై 14న చంద్రయాన్‌–3 బయల్దేరిందీ ఇక్కడి నుంచే. సూళ్లూరుపేట రోడ్డు మీద నిలబడి రాకెట్‌ను చూసిన పిల్లల్లో చాలామంది ‘అక్కడ ఉద్యోగం మనకెందుకొస్తుందిలే’ అనుకుంటారు. షార్‌లో శాస్త్రవేత్త, ఇంజినీరు పోస్టులే కాదు.. డిప్లొమా వారికి టెక్నికల్‌ అసిస్టెంట్‌, ఐటీఐ వారికి టెక్నీషియన్‌ పోస్టులకూ నోటిఫికేషన్లు వస్తుంటాయి. అర్హతలు, వయసు ఎప్పటికప్పుడు ఆ ప్రకటనలోనే చూసుకోవాలి. ఏ పోస్టుకైనా రాత పరీక్షలో సబ్జెక్టు మూలాల మీద పట్టు ఉండాల్సిందే.

సంఖ్యల మీద నిజంగా ఇష్టం ఉంటే దారులు ఇంకా ఉన్నాయి. ఇంటర్‌ తర్వాత ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌, చెన్నై మేథమేటికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో కొన్ని గంటల దూరమే. డిగ్రీ తర్వాత జామ్‌ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయవచ్చు. క్రిప్టోగ్రఫీ, కోడింగ్‌ థియరీ, డేటా సైన్స్‌ మూడింటికీ పునాది ఈ గణితమే.

ఇది ఎక్కడివారికో దొరికే భాగ్యం అనుకోవద్దు. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్‌.రావు బడి చదువులో కొంత భాగం గూడూరులో సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. యుద్ధకాలంలో సైన్యానికి చెందిన సర్వే విభాగంలో గణితవేత్త ఉద్యోగం అది. రాలేదు. ఆ ప్రయాణంలోనే ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ గురించి తెలుసుకుని శిక్షణకు చేరారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్‌ పురస్కారం ఆయనను వరించింది. కోరుకున్న ఉద్యోగం రాకపోయినా నేర్చుకున్న గణితం ఆయనకు మరో తలుపు తెరిచింది.

ఇలా సాధన చేయండి

* రోజుకొక పెద్ద సంఖ్య తీసుకోండి. విలువ కట్టొద్దు. ముందుగా అది ఏ రూపంలో ఉందో రాయండి. ఘాతమా, వర్గాల భేదమా, వరసగా వచ్చే సంఖ్యల లబ్ధమా?
* యూనిట్‌ డిజిట్‌, అంకెల సంఖ్య, 7, 9, 11తో శేషాలు, భాజకాల సంఖ్య.. ఈ క్రమంలో ప్రశ్నలు వేసుకోండి.
* ప్రతి షార్ట్‌కట్‌ పక్కన ‘ఎందుకు’ అని రాసి, రెండు వాక్యాల్లో కారణం చెప్పండి. చెప్పలేకపోతే అది ఇంకా మీది కాలేదు.
* కోడింగ్‌ నేర్చుకునేవారు జావాలో, పైథాన్‌లో 2⁶⁴–1ను ప్రింట్‌ చేసి చూడండి. రెండింటిలో వచ్చే జవాబుల తేడాను స్నేహితుడికి వివరించండి.

మీ కోసం నాలుగు ప్రశ్నలు

1. సగం బోర్డు సంఖ్య 2³²–1కి ఎన్ని భాజకాలు?
2. 2¹⁰⁰లో ఎన్ని అంకెలు ఉంటాయి? చివరి అంకె ఏది?
3. 2⁶⁴–1ను 13తో భాగిస్తే శేషం ఎంత?
4. 2⁴⁸–1ను 7, 9, 11, 13లలో ఏవి నిశ్శేషంగా భాగిస్తాయి?

జవాబులు: 1) 32. 2) 31 అంకెలు, చివరి అంకె 6. 3) శేషం 2. 4) 7, 9, 13 భాగిస్తాయి, 11 భాగించదు.